అత్తయ్యా, ఊపిరి బిగబట్టండి

అత్తగారు ఎవరి మాటనీ ఊరికే పోనివ్వరు. లిఫ్టులో ఆడగొంతు "తలుపులు మూసుకుంటున్నాయి" అంటే, "మూసుకోనీమ్మా, నేనెక్కేశానుగా" అంటారు. టీవీలో వార్తలు చదివే అబ్బాయి నమస్కారం పెడితే, చేతిలో ఏ పనున్నా ఆపి, "నమస్కారం నాయనా" అన్నాకే వార్తలు వింటారు. బ్యాంకు ఫోనులో "మీ కాల్ మాకెంతో ముఖ్యం" అని రికార్డు మోగుతుంటే, "ముఖ్యమైతే తియ్యొచ్చుగా మరి" అని నిలదీస్తారు. ఒక మనిషి మాట అన్నాక బదులు చెప్పకపోవడం, గుమ్మంలోకి వచ్చినవాళ్ళకి కుర్చీ వెయ్యకపోవడంతో సమానమని ఆవిడ నమ్మకం.

ఏళ్ళ తరబడి అదే ఇంట్లో ఉంటున్న కోడలికి ఈ సంగతి తెలియక కాదు. తెలిసి తెలిసీ ఆవిడని ఎమ్మారై యంత్రంలో పడుకోబెట్టి, ఊపిరి బిగబట్టమంది.

కోడలిని ఇంట్లో అందరూ కొలతలమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది అత్తగారే. కొత్త కర్టెన్ కొనాలంటే కిటికీని ముమ్మారు కొలిచి, దుకాణానికి టేపు పట్టుకుని వెళ్ళే మనిషి మరి. ఆసుపత్రిలో ఆమె ఉద్యోగం కూడా కొలవడమే. గుండెకి నెత్తురు అందించే నాళాలు గుండె మీదే పాకి ఉంటాయి. లావు చూడబోతే పిల్లలు పాలు తాగే స్ట్రా కంటే సన్నం. వాటిలో నెత్తురు ఎంత వేగంగా పోతోందో తెలిస్తే, ఎక్కడ అడ్డుపడుతోందో, ఆ అడ్డు వల్ల గుండెకి ఎంత కష్టమో తెలుస్తుంది. మామూలుగా అయితే మణికట్టు దగ్గర్నుంచి సన్నటి గొట్టం గుండె దాకా పంపించి చూస్తారు. అత్తగారికి ఒకసారి అలాగే చూశారు. కంగారు పడాల్సిందేమీ లేదని తేలింది గానీ, ఆ గొట్టం కథ మాత్రం ఆవిడ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ మణికట్టు చూపించి మరీ చెప్తారు. ఆ గొట్టం అవసరం లేకుండా, మనిషిని అయస్కాంతంలో పడుకోబెట్టి బయట్నుంచే ఆ వేగం కొలవాలని కొలతలమ్మ నాలుగేళ్ళుగా తంటాలు పడుతోంది.

కష్టమల్లా గుండె కుదురుగా ఉండకపోవడమే. అది కొట్టుకోవడం ఒక కదలిక. దాన్ని ఎలాగో సర్దుకోవచ్చు. ఛాతీకి తీగలు అంటించి, ప్రతి దెబ్బనీ కనిపెట్టి, దెబ్బకీ దెబ్బకీ మధ్య గుండె కాస్త సేదతీరే చోట బొమ్మ తియ్యొచ్చు. అసలు పేచీ ఊపిరితో. గాలి పీల్చినప్పుడల్లా గుండె కిందికి జారుతుంది, వదిలినప్పుడల్లా పైకొస్తుంది. పరుగెత్తే బస్సులో కూర్చున్న పిల్లాడు స్ట్రాతో పాలు తాగుతుంటే, ఆ పాలు ఎంత జోరుగా పోతున్నాయో రోడ్డు మీద నిలబడి చెప్పమన్నట్టుంటుంది. దానికి కొలతలమ్మ వేసిన ఉపాయం సూటిగానే ఉంది. మనిషిని ఇరవై సెకన్లు ఊపిరి బిగబట్టమనడం, ఆ ఇరవై సెకన్లలోనే కొలతలన్నీ ముగించేలా యంత్రాన్ని పరుగెత్తించడం.

బొమ్మలు ముచ్చటగా వచ్చాయి. పదిహేను గుండెలు, పదిహేనూ కడిగిన అద్దంలా ఉన్నాయి. వాటిని పట్టుకుని ఆమె గుండె విభాగం పెద్ద డాక్టరు గదికి వెళ్ళింది. ఆసుపత్రిలో ఆ యంత్రం మీద ఎవరికి ఎంత సమయమో పంచేది ఆయనే. ప్రస్తుతం మంగళవారం మధ్యాహ్నాలు కొలతలమ్మవి.

ఆయన బొమ్మలు ఒక్కొక్కటే చూసి, కళ్ళజోడు తీశాడు.

"బాగున్నాయమ్మా. ఎవరివీ గుండెలు?"

"మావే సార్. ఇది నాది. ఇది మా టెక్నీషియన్‌ది. ఇవి మా గదిలో విద్యార్థులవి, వాళ్ళ స్నేహితులవి."

"మీ గదిలోవాళ్ళు ఎంతసేపు బిగబట్టగలరేం ఊపిరి?"

"నిమిషం అలవోకగా బిగబడతారు సార్," అంది కొలతలమ్మ ఉత్సాహంగా. "మా టెక్నీషియన్ అయితే నిమిషన్నర..." అని, అక్కడితో ఆగిపోయింది.

నాలుగేళ్ళ పాటు ఒకరి మీద ఒకరు ప్రయోగాలు చేసుకునీ చేసుకునీ, ఆ గదిలోవాళ్ళంతా సముద్రంలో ముత్యాలేరే గజఈతగాళ్ళయిపోయారు. టీ తాగేటప్పుడు పందేలు కూడా వేసుకుంటారు. అదొక సరదా అనుకున్నారే గానీ, తమ పద్ధతి తమకి తప్ప లోకంలో ఇంకెవరికీ పనికిరాకుండా పోతోందని ఒక్కరికీ తట్టలేదు.

"నా దగ్గరికొచ్చేవాళ్ళు రెండు మెట్లెక్కితే ఆయాసపడేవాళ్ళమ్మా," అన్నాడు పెద్ద డాక్టరు. "ఈ మంగళవారం కాక, వచ్చే మంగళవారం నేనే వచ్చి కూర్చుంటాను. అరవై దాటిన మనిషి కావాలి, మీ గదికి సంబంధం ఉండకూడదు. బొమ్మ వస్తే మంగళవారాలు నీవే. రాకపోతే మోకాళ్ళవాళ్ళు ఎప్పట్నుంచో అడుగుతున్నారు, ఇచ్చేస్తాను."

మోకాళ్ళవాళ్ళంటే కొలతలమ్మకి ఒళ్ళు మంట. మోకాలు కొట్టుకోదు, ఊపిరి పీల్చదు, పడుకోబెడితే పడుకుంటుంది. దాన్ని బొమ్మ తియ్యడం కూడా ఒక విద్యేనా!

ఇంటికొచ్చి భర్తకి చెప్పింది. ఆయన మంచం మీద ఆరిన బట్టలు మడతపెడుతున్నాడు.

"అరవై దాటిన మనిషా? అమ్మ ఉందిగా," అన్నాడు.

"అత్తయ్యనా?"

"ఏం, అమ్మకి గుండె లేదా?"

"గుండె ఉంది. దాంతోపాటు నోరు కూడా ఉందండీ."

"ఆ సంగతి అమ్మతో నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అని ఆయన దుప్పటి అంచులు కలిపే పనిలో మునిగిపోయాడు. తల్లికీ పెళ్ళానికీ మధ్య మాట మోసుకెళ్ళడం కంటే కొరివితో తల గోక్కోవడం నయమని ఆయన చాలాకాలం కిందటే తేల్చుకున్నాడు.

అడగనే అక్కర్లేకపోయింది. అత్తగారు పక్క గదిలోంచే బదులిచ్చారు. "వస్తానమ్మా! గొట్టం లేదన్నావుగా, ఎన్నిసార్లయినా పడుకుంటాను."

మర్నాడు హాల్లో సోఫా మీద శిక్షణ మొదలైంది.

"అత్తయ్యా, గాలి పీల్చండి."

"పీల్చానమ్మా."

"మాట్లాడకూడదు. పీల్చి, వదిలి, బిగబట్టండి."

"ఆ, బిగబట్టాను."

"బిగబడితే మాటెలా వస్తుంది అత్తయ్యా?"

"నువ్వడిగితే చెప్పానమ్మా. నువ్వడక్కపోతే నేనెందుకు చెప్తాను?"

"నేను అడగడం లేదు, చెప్తున్నాను."

"చెప్పినా అంతేగా. చెప్పినదానికి ఊ కొట్టకపోతే నీకు ఎలా ఉంటుంది?"

ముందుగా ఒకసారి యంత్రంలోనే అలవాటు చేస్తే సరిపోతుందని కొలతలమ్మ ఆశపడి, ఆ మంగళవారమే ఆవిడని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడ టెక్నీషియన్‌ని అందరూ నిదానం అంటారు. మంట అంటుకున్నా నడిచే వెళ్తాడని అతనికి పేరు. అయస్కాంతం గదిలోకి ఇనుప ముక్క వెళ్ళకూడదు కనక, నిదానం ఒక ట్రే పట్టుకుని అత్తగారి ఎదురుగా నిలబడ్డాడు. జడలోంచి, కొంగులోంచి, జాకెట్టు అంచులోంచి పిన్నీసులు వస్తూనే ఉన్నాయి.

"అయిపోయాయా అమ్మగారూ?"

"అయిపోయాయి నాయనా. అయ్యో, ఇదిగో, ఇంకొకటి. ఇది వేరేవాళ్ళకి అవసరమైతే ఇద్దామని పెట్టుకున్నాను."

చివరికి ఆసుపత్రి గౌను తొడిగి, బల్ల మీద పడుకోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, చేతిలో రబ్బరు బంతి పెట్టారు. "భయమేస్తే ఇది నొక్కండి అత్తయ్యా," అని చెప్పి కొలతలమ్మ గాజు కిటికీ ఇవతలికి వచ్చి కూర్చుంది. బల్ల లోపలికి జరిగిందో లేదో, గంట మోగిపోయింది. ఆమె కుర్చీలోంచి లేచి మైకు అందుకుంది. నిదానం కూడా కాస్త వేగంగా నడిచాడు.

"ఏమైంది అత్తయ్యా? భయమేసిందా?"

"లేదమ్మా. భయమేస్తే నొక్కమన్నావుగా. భయం లేదని చెబుదామని నొక్కాను."

యంత్రం మోత మొదలైంది. లోపల ఎవరో రేకుల షెడ్డు కూలుస్తున్నట్టుంటుంది ఆ మోత. కొలతలమ్మ మైకు నొక్కి, "పీల్చండి... వదలండి... బిగబట్టండి" అంది. "అలాగేనమ్మా" అని లోపల్నుంచి వినిపించింది. తెర మీద రక్తనాళం తడి బట్ట మీద సిరా చుక్కలా అలికేసినట్టు వచ్చింది.

"అత్తయ్యా, అలాగే అనొద్దు."

"అలాగే, అనను."

మళ్ళీ తీశారు. ఈసారి మాట రాలేదు. కొలతలమ్మ సంబరపడింది. బొమ్మ చూస్తే మునుపటి కంటే అన్యాయంగా ఉంది. నిదానం లోపలి కెమెరా తెర చూపించాడు. అత్తగారు తల ఊపుతున్నారు. తల ఊపొద్దంటే ఇంకోసారి చెయ్యెత్తారు. చెయ్యెత్తొద్దంటే గొంతులో చిన్నగా "ఊఁ" అన్నారు. రికార్డు చేసిన మగగొంతు పెడితే, "కొత్త అబ్బాయా? ఎవరమ్మా ఇతను?" అని అడిగారు.

విసిగిపోయి కొలతలమ్మ మైకు ఆపేసి, నిదానం మీద పడింది. "ఇరవై సెకన్లు! ఇరవై అంటే ఇరవై! నోట్లో నువ్వుగింజ నానదా ఈవిడకి? మంగళవారాలు పోయినట్టే. మోకాళ్ళవాళ్ళు స్వీట్లు పంచుకుంటారు." నిదానం ఏమీ అనలేదు. అతను ఏమైనా అనేలోపు ఎవరి కోపమైనా చల్లారిపోతుంది. అద్దం అవతల అత్తగారు, తనని ఎవరూ ఏమీ అడక్కపోవడంతో, చేతులు కడుపు మీద పెట్టుకుని పైకి చూస్తూ పడుకున్నారు.

బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. మూడు స్టాపులు దాటాక అత్తగారే కదిపారు.

"కోపం వచ్చిందా?"

"లేదత్తయ్యా."

"వచ్చింది. నీకు కోపమొస్తే చేతిసంచి జిప్పు లాగుతావు, మూస్తావు. ఇందాకట్నుంచి అదే పని."

కొలతలమ్మ జిప్పు వదిలేసింది. "మీరు ఒక్కసారి నేను చెప్పింది చెప్పినట్టు చేసి ఉంటే..."

"చేద్దామనే అనుకున్నానమ్మా. నువ్వు అద్దం అవతల, నేను గొట్టం లోపల. నువ్వు చెప్పింది నాకు వినపడిందని నీకెలా తెలుస్తుంది? పాపం, మళ్ళీ మళ్ళీ అరుస్తావేమోనని."

కొలతలమ్మ చెయ్యి మళ్ళీ జిప్పు మీదికి వెళ్ళి, వెనక్కి వచ్చింది. కోపం పోలేదు గానీ, దాన్ని ఎక్కడ పెట్టాలో మాత్రం తెలియకుండా పోయింది.

శనివారం భర్త కూరగాయలకి, అత్తగారు పార్కుకి వెళ్ళాక, కొలతలమ్మ భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి, చెడిపోయిన బొమ్మల వెనకాల ఉన్న ముడి లెక్కలు చూడటం మొదలుపెట్టింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పు యంత్రంలోనే ఉందేమోనని ఆమె వెతుకులాట. ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరపు పొర ఊపిరితో పాటు పైకీ కిందికీ కదులుతుంటే, దాన్ని యంత్రం ఒక గీతగా గీస్తూ ఉంటుంది. గాలి పీలిస్తే గీత లేస్తుంది, వదిలితే దిగుతుంది. తాను మైకులో మాట్లాడిన ప్రతిచోటా ఆ గీత కోతి గెంతులు వేసింది. అది తెలిసిన సంగతే. ఆ తర్వాత ఒకచోట గీత ఉన్నట్టుండి నునుపెక్కింది. మెల్లగా లేచి, మెల్లగా దిగి, దిగినచోట ఒక క్షణం ఆగి, మళ్ళీ లేస్తోంది. ఒడ్డుకొచ్చే అలల్లా వరసగా, ఒకదాని వెనక ఒకటి.

ఇదెప్పటిదా అని సమయం చూసుకుంది. తాను మైకు ఆపేసి నిదానం మీద అరిచిన సమయం అది. యంత్రాన్ని ఆపాలన్న తొందర నిదానానికి ఎలాగూ లేదు కాబట్టి అది తిరుగుతూనే ఉంది.

కొలతలమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. ఆ అల దిగి ఆగిన ప్రతి క్షణంలోనూ గుండె కుదురుగా ఒకేచోట ఉంది. ఎవరూ బిగబట్టమనకుండానే అత్తగారు ప్రతి ఊపిరి చివరా కాస్త ఆగుతున్నారు. ఆ మాటకొస్తే ఎవరైనా అంతే. ఆ చిన్న చిన్న ఆగుళ్ళలో దొరికిన దెబ్బల్నే ఏరుకుని, మిగతావి పారేసి, ఏరిన ముక్కల్ని కలిపి కుడితే బొమ్మ వస్తుంది. అదేమీ కొత్త పద్ధతి కాదు. నాళాల ఆకారం చూడ్డానికి చాలామంది వాడేదే. వేగం కొలవాలంటే అది నత్తనడక అని ఆమె నాలుగేళ్ళ కిందట కొట్టిపారేసింది. ఊపిరి ఆడుతుండగా బొమ్మ తియ్యడమంటే వంట రానివాళ్ళు హోటలుకి పరుగెత్తడం లాంటిదని ఒక సమావేశంలో అనేసింది కూడా. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్న రోజులవి.

ఆ సాయంత్రమూ, ఆదివారమూ ఆమె బల్ల దగ్గర్నుంచి లేవలేదు. సోమవారం సెలవు పెట్టింది. అత్తగారు అన్నం కంచం తెచ్చి పక్కన పెడితే, "ఊఁ" అని కూడా అనలేదు. "చూశావా," అన్నారు అత్తగారు కొడుకుతో, "ఊ కొట్టకపోతే తిన్నదో లేదో మనకెలా తెలుస్తుంది?"

మంగళవారం పెద్ద డాక్టరు చెప్పిన సమయానికి వచ్చి, నిదానం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. లోపల అత్తగారు పడుకుని ఉన్నారు. కొలతలమ్మ ఆవిడ మీదికి వంగి దుప్పటి సర్దింది.

"ఈసారి మీరేమీ చెయ్యక్కర్లేదు అత్తయ్యా. నేనూ ఏమీ చెప్పను. మామూలుగా ఊపిరి తీసుకుంటూ ఉండండి."

"ఏమీ చెయ్యకుండా పడుకోవడం నాకు చేతకాదమ్మా. పోనీ ఏదైనా తలుచుకోనా?"

"తలుచుకోండి. మనసులోనే."

యంత్రం మోత మొదలైంది. తెర మీద గీత అలలు అలలుగా నడుస్తోంది. అల కిందికి దిగిన చోట ఆకుపచ్చ చుక్క వెలుగుతోంది. ఆ చుక్క వెలిగిందంటే ఆ దెబ్బ ఏరుకున్నట్టు. పెద్ద డాక్టరు కాలు ఊపుతూ చూస్తున్నాడు.

"ఇరవై సెకన్లన్నావు కదమ్మా?"

"ఇది పదిహేను నిమిషాలు పడుతుంది సార్."

"బిగబట్టమనవా?"

"యంత్రాన్నే ఆవిడ వెనక నడవమన్నాను సార్."

సగం అయ్యేసరికి చుక్కలు తగ్గాయి. గీత మెల్లగా పక్కదారి పట్టింది. అలలు పెద్దవై, దూరం దూరమై, అంతకుముందు దిగినచోట దిగడం మానేశాయి. ఆకుపచ్చ చుక్క వెలగడం ఆగిపోయింది. స్పీకరులో, ఆ రేకుల మోత సందుల్లోంచి, సన్నటి ఈల లాంటి చప్పుడు వినిపించింది.

"నిద్రపోయారు," అన్నాడు నిదానం, వాతావరణం చెప్పినట్టు.

కొలతలమ్మ తెర దగ్గరికి జరిగింది. మేలుకున్న మనిషి వెనక నడవడం యంత్రానికి నేర్పింది. ఊపిరి చోటు మారితే తానూ చోటు మార్చుకొమ్మని కూడా రాసింది. కానీ నిద్రపోయే మనిషి మీద దాన్ని పరీక్షించనే లేదు. అత్తగారు, అందులోనూ నోరున్న అత్తగారు, ఆ మోతలో నిద్రపోతారని ఎవరనుకున్నారు?

"లేపేద్దాం," అని పెద్ద డాక్టరు మైకు మీట మీదికి వేలు చాపాడు.

కొలతలమ్మ చెయ్యి ఆమెకంటే ముందు కదిలింది. మీట మీద అరచెయ్యి బోర్లించేసింది. పెద్ద డాక్టరు వేలు వచ్చి ఆమె చేతి మీద పడింది. ఆసుపత్రి మొత్తమ్మీద ఆయన వేలికి అడ్డం పెట్టినవాళ్ళు అంతవరకూ లేరు.

"లేపితే బదులు చెప్తారు సార్," అంది ఆమె. "బదులు చెప్తే మొత్తం పోతుంది. కాసేపు చూద్దాం."

"పోతే మంగళవారం పోతుందమ్మా."

"తెలుసు సార్."

ముగ్గురూ తెర వంక చూస్తూ కూర్చున్నారు. గీత లేచింది, దిగింది. చుక్క లేదు. మళ్ళీ లేచింది, దిగింది. చుక్క లేదు. నిదానం కూడా కుర్చీ అంచుకి జరిగాడు. కొలతలమ్మ అరచెయ్యి మీట మీద నుంచి తియ్యలేదు. కాసేపటికి, చీకట్లో చెప్పులు వెతుక్కునే మనిషిలా తడుముకుంటూ తడుముకుంటూ, యంత్రం తన గురిని కొత్త చోటికి జరుపుకుంది. ఆకుపచ్చ చుక్క ఒకటి వెలిగింది. ఒక అల వదిలేసి ఇంకొకటి. ఆ తర్వాత వరసగా.

మోత ఆగాక లెక్క తేలడానికి కాస్త సమయం పట్టింది. తెర మీద మొదట నాళం వచ్చింది. గుండ్రంగా, అంచులు గట్టిగా, పెన్సిలు మొనతో గీసినట్టుంది. దాని కింద నెత్తురు వేగపు గీత. ముందు చిన్న గుట్ట, దాని పక్కనే పెద్ద గుట్ట. గుండె ముడుచుకున్నప్పుడు కొంచెం, సేదతీరేటప్పుడు దండిగా. అలా ఉండాల్సినట్టే ఉంది.

పెద్ద డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ముందుకు వంగాడు.

"మంగళవారం ఉంచుకో," అన్నాడు చివరికి. "ఆ పదిహేను బొమ్మలకి ఇది పదహారోదిగా కలిపి, వచ్చే నెల సమావేశంలో చూపిద్దాం."

ఆ పదిహేనూ నాలుగేళ్ళ కష్టం.

"కలపకూడదు సార్. అవి మా ఊపిరితిత్తుల గొప్పే గానీ పద్ధతి గొప్ప కాదు. ఇది ఒకటోది. ఇక్కడ్నుంచి మొదలుపెట్టాలి."

"అంటే చేతిలో ఉన్నది ఒక్క గుండె."

"ఒక్కటే సార్."

"సరే మరి, మనుషుల్ని పోగుచేసుకో," అని ఆయన లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, ఆమె చేతి మీద పడిన తన వేలిని ఒకసారి చూసుకుని వెళ్ళిపోయాడు.

నిదానం నిదానంగా వెళ్ళి బల్లని బయటికి లాగాడు. అత్తగారు కళ్ళు తెరిచి, చుట్టూ చూసి, హెడ్‌ఫోన్లు సర్దుకున్నారు.

"ఇంక మొదలుపెట్టండమ్మా. ఎంతసేపని పడుకోను? ఇంటి దగ్గర బట్టలు ఆరేసి వచ్చాను."

"అయిపోయింది అత్తయ్యా. బ్రహ్మాండంగా వచ్చింది."

"నేనేం చెయ్యలేదుగా?"

"ఏం చెయ్యలేదు కాబట్టే."

అత్తగారు లేచి కూర్చుని, జుట్టు ముడేసుకుని, పిన్నీసుల ట్రే కోసం చూశారు. కోడలి మొహం చూసి ఆగారు. "అయితే మరి ఆ మొహం ఏమిటి? మళ్ళీ ఏం కావాలిట ఆ పెద్ద డాక్టరుకి?"

"మనుషులు కావాలత్తయ్యా. మీలాంటివాళ్ళు, చాలామంది."

"అదెంతసేపు! పార్కులో నాతో నడిచేవాళ్ళు లేరూ? రమ్మంటే తోసుకుంటూ వస్తారు. కాకపోతే ఒక చిక్కుంది. ఒకావిడకి పడుకుంటే చాలు, దగ్గు. ఇంకొకావిడని పలకరిస్తే నవ్వు, ఆపితే ఆగదు. ఒక అన్నయ్యగారున్నారు, ఆయన గురకకి వాళ్ళ వీధిలో కుక్కలు లేస్తాయి. బుద్ధిగా పడుకునేవాళ్ళు కావాలంటే మాత్రం వెతకాలమ్మా, నాకు కాస్త టైమివ్వాలి."

"బుద్ధిమంతులొద్దు," అంది కొలతలమ్మ, పిన్నీసుల ట్రే ఆవిడ ఒళ్ళో పెడుతూ. "ముందు ఆ దగ్గే ఆవిడని తీసుకురండి."

"ఆవిడ దగ్గకుండా ఉండలేదు. తర్వాత నన్ననకూడదు, ముందే చెప్తున్నాను."

"దగ్గనివ్వండి అత్తయ్యా."